నిజాం మేజోళ్ళు, ఖాలా మడమ

హైదరాబాదు పాతబస్తీలో ఏడో నిజాం మాట ఎత్తితే రెండు కథలు తప్పకుండా వినిపిస్తాయి. 184 కారట్లు దాటిన జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద బరువుగా పెట్టుకున్నాడని ఒకటి. తన మేజోళ్ళు తానే అల్లుకునేవాడని రెండోది. 1937 ఫిబ్రవరి 22 సంచికకు టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఎక్కించిన మనిషి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ మనిషి, సూదులు పట్టుకుని సాక్సులు అల్లుకున్నాడట! మొదటి కథకు జనం నోరెళ్ళబెడతారు, రెండో కథకు నవ్వుతారు. పిసినారితనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలంటారు.

చేత్తో మేజోళ్ళు అల్లేవాళ్ళకు ఆ నవ్వు రాదు. సన్నటి ఊలుతో పెద్దవాళ్ళ కాలికి మేజోడు అల్లాలంటే చుట్టుకు 64 కుట్లు పడతాయి. అలాంటి చుట్లు నూటికి పైన. మడమ, వేళ్ళ కొన కూడా కలుపుకుంటే ఒక్క కాలికే దాదాపు 10,000 కుట్లు. బజారులో ఎంతో చవగ్గా దొరికే వస్తువు మీద అన్ని సాయంత్రాలు పోసే మనిషి డబ్బు మిగుల్చుకోవడానికే ఆ పని చేశాడంటే నమ్మబుద్ధి కాలేదు. డిసెంబరు చలిలో, సగం అల్లిన మేజోడు సంచిలో వేసుకుని నేను పాతబస్తీకి వెళ్ళింది ఆ కథ పుట్టిన చోటు చూడాలనే.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886లో పుట్టింది పురానీ హవేలీలో. చార్మినార్ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరమే. అక్కడి నిజాం మ్యూజియంలో 1937లో ఆయన పాలన రజతోత్సవానికి వచ్చిన వెండి, బంగారు కానుకలు గాజు వెనుక మెరుస్తుంటాయి. ఎక్కువమంది వాటి దగ్గరే ఆగిపోతారు. అసలు చూడాల్సింది ఆయన తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల అలమారాలు. హవేలీ ఒక రెక్క పొడవునా, రెండు అంతస్తుల్లో, అటూ ఇటూ అలమారాలే. పై అంతస్తుకు చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఒకసారి వేసిన బట్ట మహబూబ్ మళ్ళీ వేసేవాడు కాదని చెబుతారు. ఆ నడవాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే అందులో అతిశయోక్తి ఉందనిపించదు. జాకబ్ వజ్రం కూడా ఆ తండ్రి కొన్నదే. బేరం కోర్టుకెక్కేసరికి దాని మీద ఆయనకు మనసు విరిగిందంటారు. 1911లో తండ్రి పోయాక, ఆయన చెప్పు ముందు భాగంలో దూర్చి ఉన్న వజ్రం కొడుక్కి దొరికింది.

అలాంటి తండ్రికి ఇలాంటి కొడుకు. తన పేర 1918లో యూనివర్సిటీ పెట్టి, దానికి నిధులిచ్చిన మనిషి ఒంటి మీదికి మాత్రం పాత షేర్వానీ, మాసిన టోపీయే వేసుకునేవాడు. అలమారాల మధ్య నిలబడినప్పుడు నాకు పిసినారితనం గుర్తుకు రాలేదు. ఇన్ని వందల జతలు ఎవరెవరో కుట్టి తెస్తుంటే చూస్తూ పెరిగిన కుర్రవాడికి, తన చేత్తో ఒక్క జతైనా చేసుకోవాలనిపించడంలో వింతేముంది? ఇది నా ఊహే, అయినా దీన్ని వదులుకోను.

ఊలు కోసం పత్తర్‌గట్టీ వైపు గల్లీలు పట్టుకున్నాను. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని సరిదిద్దినప్పుడు కట్టిన ఆ రాతి కమాన్ల కింద బట్టలు, అత్తర్లు, ముత్యాలు. వెనుక సందుల్లో లేసులు, బొత్తాలు, జరీ, ఏ మూలో కాసిని ఊలు ఉండలు. మేజోళ్ళకని అడిగితే దుకాణదారు నా సంచిలోని సూదులు చూసి, మీర్ ఆలం మండీ దగ్గర ఒక పెద్దావిడ ఇప్పటికీ అల్లుతుందని చెప్పి, కుర్రాణ్ణి తోడిచ్చి పంపాడు.

ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. అందరూ ఖాలా అంటారు, నేనూ అదే అన్నాను. చికాగోలో ఉన్న మనవళ్ళకు ఏటా చలికాలానికి జతలు పంపుతుందట. అల్లిక నేర్పింది చిన్నప్పటి స్కూల్లో టీచరమ్మ. నాలుగు ఉక్కు సలాయిలు, బూడిదరంగు ఊలు, తఖ్త్ మీద ఎండ పడే చోటు. చాయ్ వచ్చేలోగా నా అల్లిక లాక్కుని తిరగేసింది.

నాది రెండు కొసలున్న సూదుల అల్లిక కాదు. 80 సెంటీమీటర్ల ప్లాస్టిక్ తీగకు రెండు వైపులా సూదులుంటాయి. మిగిలిన తీగను చుట్టు మధ్యలోంచి బయటికి లాగి, సగం సగం చొప్పున అల్లుతారు. మ్యాజిక్ లూప్ అంటారు దీన్ని. అమెరికాలో 2002లో ఒక చిన్న పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది.

"యే తార్ కైకు?" అంది ఖాలా తీగను వేళ్ళతో సాగదీస్తూ.

"సలాయి జారిపోయే భయం ఉండదు ఖాలా. రెండు మేజోళ్ళూ ఒకే తీగ మీద పక్కపక్కనే అల్లుకోవచ్చు. ఒకటి అయ్యాక రెండోది మొదలెట్టడానికి బద్ధకం వేస్తుందే, అది తప్పుతుంది."

అంతకన్నా ఆవిడను ఆశ్చర్యపరిచింది నేను మొదలుపెట్టిన చోటు. ఖాలా అల్లిక పిక్క దగ్గర మొదలై వేళ్ళ దగ్గర ముగుస్తుంది. నాది వేళ్ళ దగ్గరే మొదలైంది. "పహలే పంజా, పీఛే పిండ్లీ?" అని నవ్వింది. రెండు సూదులు జోడించి పట్టుకుని, దారాన్ని ఒకసారి పై సూదికి, ఒకసారి కింది సూదికి చుట్టి చూపించాను. 2006లో జూడీ బెకర్ అనే అమెరికన్ అల్లికకారిణి ప్రచురించిన పద్ధతి అది. కొన అతుకు లేకుండా మొదటి వరసలోనే మూసుకుపోతుంది. కాలికి తొడిగి చూసుకుంటూ, ఊలు ఎంతుంటే అంత ఎత్తు అల్లుకోవచ్చు. "హౌ, అకల్ కా కామ్ హై" అని ఒప్పుకుంది. మూడు చుట్లు తనే అల్లి నా చేతికిచ్చేసి, "నాకు నా సలాయిలే మంచిగున్నయ్ బేటీ" అంది.

ఆ తర్వాత మడమ తిప్పడం చూపించింది. నా ప్రయాణానికి అదే ఫలం.

తన అల్లికలోని 64 ఫందాల్లో (కుట్లలో) 32 ఒక సలాయి మీదికి తీసుకుంది. ఇక చుట్టు లేదు. ముందుకు ఒక వరస సీదా, వెనక్కి ఒక వరస ఉల్టా. సీదా వరసలో ఒకటి అల్లి ఒకటి అల్లకుండా జార్చింది. దాంతో అక్కడ బట్ట మందమై, చెప్పు రాపిడికి తట్టుకుంటుంది. అలా 32 వరసలు అయ్యాయి. అప్పుడు మధ్య దాటి కాస్త దూరం అల్లి, రెండు ఫందాలు కలిపి ఒకటి చేసి, వరస పూర్తి కాకుండానే వెనక్కి తిరిగింది. అటు వైపూ అంతే. ప్రతిసారీ ఇంకాస్త దూరం వెళ్ళి, తిరిగిన చోట ఏర్పడ్డ ఖాళీకి అటూ ఇటూ ఉన్న ఫందాలను కలిపేస్తుంది. పది నిమిషాల్లో చదునుగా ఉన్న బట్ట దోసిలిలా గుంటపడింది. లెక్క నోటితో చెప్పలేదు, కళ్ళతో చూడలేదు. బొటనవేలు ఫందాల మీద పాకుతుంటే ఎక్కడ తిరగాలో దానికే తెలుస్తోంది. "ఏడీ టేఢీ హుయీ తో సబ్ ఖరాబ్" అంది చివర్లో, గుంటలోకి పిడికిలి దూర్చి చూపిస్తూ.

నేర్చుకున్న కొత్త పద్ధతులన్నిటి మీదా నాకు ప్రేమే. అల్లిక రచయిత్రి ఎలిజబెత్ జిమ్మర్‌మన్ చెప్పిన మడమ ఉంది. మేజోడు మొత్తం తిన్నటి గొట్టంలా అల్లేసి, ఆఖర్న ఒక్క పోగు కత్తిరించి అక్కడ మడమ పెడతారు. అరిగితే ఆ ముక్క ఊడదీసి కొత్తది అల్లవచ్చు. మన ఎండలకు మందపాటి మడమ అక్కర్లేని నూలు మేజోళ్ళకు అది బాగా కుదురుతుంది. కాని నడకకు నిలిచేది, కాలిని పట్టుకుని ఉండేది ఖాలా మడమే. ఇందులో నాకు రెండో మాట లేదు.

కొత్తవనుకునేవి నిజంగా కొత్తవా అన్నది వేరే సంగతి. ఈజిప్టులో దొరికిన మధ్యయుగాల నూలు మేజోళ్ళు, నీలిమందు నీలం, తెలుపు కలిపి అల్లినవి, వేళ్ళ దగ్గర మొదలైనవే. అంతకుముందు, మూడు నుంచి అయిదో శతాబ్దం నాటి ఎర్ర ఊలు మేజోళ్ళు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. చెప్పుల పట్టీ పట్టడానికి బొటనవేలు విడిగా ఉంటుంది. అవి ఒకే సూదితో ముడి మీద ముడి వేసినవి, అసలు ఈ అల్లికే కాదు. వేళ్ళ కొసను అతుకు తెలియకుండా కలిపే కుట్టుకు కిచెనర్ పేరుంది. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసేనానిగా ఉన్న ఆ కిచెనర్ పేరే. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో సైనికుల పాదాలు కుళ్ళిపోతుంటే ఇంటింటా మేజోళ్ళు అల్లారు. ఆయన పేరు ఆ కుట్టుకు అంటుకున్నది ఆ రోజుల జ్ఞాపకంతోనే అంటారు.



నిజాం మ్యూజియానికి శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్ళండి. కానుకల గది తొందరగా చూసి, అలమారాల దగ్గర తీరిగ్గా నడవండి. అల్లిక వచ్చినవాళ్ళయితే సూదులు సంచిలో పెట్టుకునే వెళ్ళండి, ఊలు కొట్లలో బయటికి తీసి అడగండి. అన్ని రకాల మడమలూ వీడియోల్లో దొరుకుతాయి. కాని అరవై ఏళ్ళుగా అల్లుతున్న చెయ్యి పక్కన కూర్చుని చూసే వీలు మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఉంటే ఈ చలికాలం దాటనివ్వకండి.