మెడలో కెమేరా

దొరకని వస్తువుకు వున్న అందం దొరికే వస్తువుకు వుండదు. ఈ సత్యం గ్రహించడానికి వేదాంతం చదవనక్కరలేదు. ఇంట్లో డిగ్రీ చదివే ఆడపిల్లా, ఆ పిల్లకు ఫోటోల పిచ్చీ వుంటే చాలు. పైగా మా కాపురం మధురవాడలో. మా వీధిలో ప్రతి రెండో గుమ్మానికీ అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఒక కొడుకో, కూతురో వున్నారు. "మావాడు వస్తున్నాడు, మీకేమైనా కావాలా?" అని గోడమీంచి అడగడం, కరివేపాకు రెబ్బ అడిగినంత మామూలు.

మా అమ్మాయి మనసుపడ్డది ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ 100 వీఐ అనే కెమేరామీద. జపాను కంపెనీవారు 2024 ఫిబ్రవరిలో దీన్ని ప్రకటించారు. చూడబోతే మా నాన్నగారి కాలపు కెమేరాలాగే వుంటుంది. పైన వేళ్ళతో తిప్పే బిళ్ళలు, మూల కన్నుపెట్టి చూసే చిన్న కిటికీ, మార్చడానికి వీల్లేని ఒకే ఒక్క లెన్సు. దీని అన్నగారు 2020లో వచ్చిన ఎక్స్ 100 వీ. పై దేశాల కుర్రకారు టిక్‌టాక్‌లో దాన్ని ఆకాశానికెత్తేసరికి దుకాణాల్లో మాయమైంది. వాడేసిన కెమేరా కొత్తదానికంటె ప్రియమైంది! తమ్ముడు పుట్టేసరికి అన్నకోసం కాచుకున్నవాళ్ళందరూ తమ్ముడికోసం వరసలో నిలబడ్డారు.

మా నాన్నగారి కెమేరా ఆగ్ఫా క్లిక్ త్రీ. అది బరోడాలో తయారైన స్వదేశీ సరుకు. 1947లో వచ్చిన ఎగుమతి దిగుమతుల నియంత్రణ చట్టం పుణ్యమా అని, ఆ రోజుల్లో పైదేశపు కెమేరా కొనాలంటే డబ్బుంటే చాలదు, లైసెన్సు కావాలి. 1933లో తెరుచుకున్న మన విశాఖ రేవులో ఎన్ని ఓడలు ఆగినా, నాన్నగారు వాటిని ఆ బరోడా డబ్బాలోంచే చూశారు. 1991 తరవాత తలుపులు తెరుచుకున్నాయి. తలుపు తెరిచినా, గుమ్మం దగ్గర సుంకంవాడు మాత్రం వున్నాడు.

డబ్బు మా అమ్మ ఇస్తానంది. "నేను పోయాక ఎలాగూ పంచుకుంటారు గదా, అదేదో నేను కళ్ళతో చూస్తుండగానే ఇస్తాను" అని ఫిక్సెడ్ డిపాజిట్టులోంచి లక్షాయాభైవేలు తీసి మనవరాలి చేతిలో పెట్టింది. ఇక్కడి దుకాణంలో ధర సుమారు లక్షా అరవైవేలు. అదీ పేరు రాసుకుని, రేపు మాపు అంటున్నారు. అమెరికాలో మొదట ప్రకటించిన ధర 1,599 డాలర్లు. అక్కడి అమ్మకపు పన్ను కలపకుండా మన లెక్కలో గుండుగుత్తగా 1,35,000 అనుకోండి. ఇంకేం? "అక్కడ కొనేద్దాం" అన్నారు మా యింట్లో.

అక్కడ కొనడానికి రెండు దారులు. ఒకటి, పై దేశపు దుకాణంనుంచి పార్సెలు. మా సహోద్యోగి ఒకాయన మరో కెమేరాకు ఇలాగే డబ్బు కట్టారు. అయిదు నెలలు వూరించి, "సరుకు లేదు, క్షమించండి" అని ఆ దుకాణంవారు డబ్బు తిప్పి పంపారు. డాలరు రూపాయల్లోకి మారే వొరపిడిలో కొంత అరిగిపోయింది కూడా. సరుకు వచ్చినా, వస్తువు ధరకు రవాణా, బీమా కలిపి, దానిమీద సుంకం, సుంకంమీద సర్‌ఛార్జి, అంతా కలిపిన మొత్తంమీద జీఎస్టీ. పెళ్ళివారు విడిదికి వచ్చినట్టు, ఒకరి వెనక ఒకరు. "కానుక అని రాయించండి" అన్నారొకరు. ఆ వెసులుబాటును 2019 డిసెంబరులో ఎత్తేశారు. రాఖీలకూ, ప్రాణం నిలిపే మందులకూ మాత్రం మిగిల్చారు. పైగా కొన్న దేశపు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి. జపానులో అమ్మే సోనీ కెమేరాల్లో చాలావాటికి జపాను భాష తప్ప మరొకటి రాదు. తెలుగు మేష్టారి యింటికి అదొక వింత చుట్టం!

రెండో దారి మా బావమరిది. డల్లాసులో వుంటాడు, 2025 సంక్రాంతికి వస్తున్నాడు. అప్పటికి అమల్లో వున్న 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రయాణీకుడు తెచ్చే సామానులో 50,000 దాకా సుంకం లేదు. పైదానికి సర్‌ఛార్జితో కలిపి నూటికి 38.5. అంటే 85,000 మీద 32,725. మొత్తం 1,67,725! మన దుకాణం ధరకంటె ఎక్కువే తేలింది. (ఈ పరిమితులూ రేట్లూ ప్రభుత్వం మారుస్తూ వుంటుంది. ప్రయాణానికి ముందు కనుక్కోవాలి.)

"అందుకా బావగారూ ఇంత ఆలోచన? పెట్టె అక్కడే పారేసి మెడలో వేసుకొస్తాను. ఆకుపచ్చ దారిలో నడిచొస్తుంటే అడిగేవాడెవడండీ?" అన్నాడు ఫోనులో.

"అందరూ అలాగే తెస్తున్నారు" అంది మా ఆవిడ.

మా అమ్మ చిక్కుళ్ళు వొలుస్తూ అంతా వింటూనే వుంది. "ఒకవేళ ఆపి అడిగితే ఏమంటాడురా?" అంది.

"నాదే అంటాడమ్మా."

"నా డబ్బుతో కొన్నది వాడిదెలా అవుతుంది?"

నాకు నవ్వొచ్చింది. తరవాత కాస్సేపు ఆలోచనా వచ్చింది. 'నాదే' అన్నది రెండక్షరాలు. ఆ రెండక్షరాలకూ 32,725 రూపాయలు. అంటే అక్షరానికి పదహారువేల చిల్లర. పూర్వం కవులకు రాజులు అక్షరలక్షలిచ్చారని క్లాసులో చెబుతూంటాను. ఆ లెక్కన ఇది చవకబారు కవిత్వమే. పైగా కవిత్వం చెప్పించుకునేది మేము, దొరికితే వస్తువు జప్తు, జరిమానా అనుభవించేది అతను. పాస్‌పోర్టు అతనిది, అక్కడి ఉద్యోగం అతనిది, పక్కన నిలబడి చూసేది అతని పిల్లలు. ఆదా మాకు, గుండెదడ అతనికి. ఇది బంధుత్వానికి పెట్టే ఖర్చు. కస్టమ్సువారి రేట్ల పట్టీలో ఇది కనబడదు.

"సొంత కెమేరా అయితే మెడలో వేసుకురా, తిరిగి తీసుకుపో. మా కెమేరా వద్దు" అని చెప్పాను. అమ్మాయి రెండు రోజులు ముభావంగా వుంది. మూడోరోజు తనే వెళ్ళి ఊళ్ళో దుకాణంలో పేరు రాయించింది. తగ్గిన పదివేలూ పక్కింటి పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెడతానంది, కూడబెట్టింది కూడా. బావమరిది సంక్రాంతికి వచ్చాడు. శంషాబాదులో దిగి ఆకుపచ్చ దారిలో వుత్త మెడతో బయటికొచ్చి, హాయిగా మా యింట అరిసెలు తిని వెళ్ళాడు.

కెమేరా మే నెలలో వచ్చింది. మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "బిల్లేదే?" అని అడిగింది. అమ్మాయి ఇచ్చింది. జీఎస్టీతోసహా అంకెలన్నీ వేలుపెట్టి చదువుకుని, కొన్నవారి పేరు దగ్గర మనవరాలి పేరే వుందని రూఢి చేసుకుని, మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. "వారంటీకి కావాలి బామ్మా" అని అమ్మాయి ఎంత మొత్తుకున్నా యివ్వలేదు. చివరికి దానికీ ఒక ఫోటో తీసుకోవలసివచ్చింది.