పసుపు చేతులకు గులాబీ బేసిన్!

పసుపు పంట ఇంటికొచ్చే కాలంలో ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా మొదట పలకరించేది రంగే. నల్లటి బండరాళ్లు పేర్చినట్టుండే సిద్ధుల గుట్ట ఒకవైపు... ఉడికించి, ఎండబోసిన పసుపు కొమ్ముల రాశులు మరోవైపు. పొద్దంతా ఆ పనిలో ఉన్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే పసుపు కాస్తా ఎర్రగా మారుతుంది. సున్నం కలిపితే పారాణి అయినట్టే, ఇదీ సబ్బులోని క్షారం మహిమే.

ఆ చేతులు కడిగే బేసిన్‌కూ ఒకప్పుడు రంగుండేది! ఇప్పుడు కొత్త ఇళ్లలో ఎక్కువగా తెల్లవే కానీ, మన పట్టణాల్లోని పాత మేడల్లో లేత గులాబీ, నీలం, ఆకుపచ్చ బేసిన్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. స్నానానికి పెరట్లో తడికె చాటు, మిగతా వాటికి చేను గట్టు తప్ప మరో దారి లేని రోజుల్లో, ఇంట్లోనే స్నానాలగది అంటే ఎంత గొప్ప! ముఖ్యంగా ఆడవాళ్లకు అదో పెద్ద ఊరట. ఆ ముచ్చటకు గుర్తే ఆ రంగు.

ఈ సరదా మొదలైంది అమెరికాలో. 1927లో కోహ్లర్ కంపెనీ బేసిన్, టబ్బు, కమోడ్‌లను ఒకే రంగు సెట్టుగా తెచ్చింది. 1953లో అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ భార్య మేమీకి గులాబీ అంటే ప్రాణం. ఆమె ఇష్టం ఆ దేశపు స్నానాలగదులకూ పాకింది. మన దేశంలో బ్రిటన్‌కు చెందిన ట్వైఫర్డ్స్ సహకారంతో 1960లో హిందుస్థాన్ ట్వైఫర్డ్స్ ఏర్పడింది. తర్వాతి కాలంలో హింద్‌వేర్‌గా పేరొందిన ఈ సంస్థకు హైదరాబాద్ దగ్గరి బీబీనగర్‌లోనూ ఫ్యాక్టరీ వచ్చింది.

పింగాణీని దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మామూలు రంగులు ఆ మంటకు నిలవవు. అందుకే జిర్కాన్ అనే ఖనిజంలో వెనేడియం కలిపి నీలం, ఇనుము కలిపి గులాబీ, ప్రసియోడిమియం కలిపి పసుపు రంగు రప్పిస్తారు. ఎండ తగిలితే వంటింటి పసుపు మరక వెలిసిపోతుంది. బట్టీలో కాలిన ఈ రంగు మాత్రం యాభై ఏళ్లయినా అలాగే ఉంటుంది.

మరి ఎందుకు పోయాయి? ఒక్క ముక్క పగిలితే అదే ఛాయ మళ్లీ దొరకదు. తెలుపుకైతే ఆ తంటా లేదు. పైగా తెలుపంటే శుభ్రమన్న భావన. గల్ఫ్ సంపాదనతో కొత్త ఇళ్లు లేచిన ఆర్మూర్ ప్రాంతంలోనైనా, మరెక్కడైనా... పాత ఇల్లు బాగుచేయిస్తుంటే సుత్తి దెబ్బ ముందు పడేది స్నానాలగదికే.

పగలగొట్టే ముందు ఒక్కమాట. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లకు పైనే తాగేస్తుంది. దాన్ని మార్చి, 3, 6 లీటర్ల రెండు మీటలది పెట్టిస్తే నీళ్లు ఆదా. బేసిన్ చెక్కుచెదరకపోతే ఉండనివ్వండి. యాసిడ్ పోసి రుద్దకండి... పైమెరుగు పోతే మరకలు పట్టేస్తాయి. మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు చాలు. తాతలు కట్టిన ఇంట్లో వాళ్లు మనసుపడి ఎంచుకున్న రంగొకటి మనవళ్ల దాకా మిగులుతుంది!