పురుగులకి జ్వరమొస్తే వేసే మందు

మొన్న ఆదివారం పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చుంటే మా అమ్మాయి నోటుబుక్కు పట్టుకొచ్చింది. ఎనిమిదో క్లాసు. వాళ్ళ ఇంగ్లీషు టీచరు ఈ వారం 'ఒకే తోక ఉన్న పదాలు' ఏరుకు రమ్మన్నారట. ఒక్కో గ్రూపుకి ఒక్కో తోక. ఒకళ్ళకి 'ఫోబియా' వచ్చింది, ఇంకొకళ్ళకి 'క్రసీ' వచ్చింది, మా పిల్లకి వచ్చింది 'సైడ్'. ఇన్‌సైడ్, అవుట్‌సైడ్‌లో ఉండే సైడ్ కాదండోయ్. హోమిసైడ్, జెనోసైడ్‌లలో ఉండేది. పదమూడేళ్ళ పిల్లలకి పొద్దున్నే ఈ చంపుకోవడాలేంటో నాకర్థం కాలేదు గానీ, టీచర్లతో పెట్టుకునే ధైర్యం మనకెక్కడిది :-)

పదం, అర్థం, తెలుగులో ఏమంటారు.. అని మూడు గళ్ళు గీసుకుంది. రెండు గళ్ళు తనే నింపేసింది. మూడోది నాకొదిలింది. పెస్టిసైడ్ దగ్గరికొచ్చేసరికి "డాడీ, దీనికి తెలుగేంటి?" అంది.

"పురుగుల మందు."

"మందంటే మెడిసిన్ కదా! పురుగులకి జ్వరమొస్తే వేస్తారా?"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత పేపరు ఎంత తిప్పినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ తోక సంగతి కొంచెం చెప్పాలి.

లాటిన్‌లో 'కైడెరె' అని ఒక క్రియ ఉంది. నరకడం, చంపడం అని అర్థం. దాన్నుంచి రెండు తోకలు పుట్టాయి. చంపేవాడికి ఒకటి, చంపడమనే పనికి ఇంకొకటి. ఇంగ్లీషు వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చివరి అక్షరాలు అరిగిపోయి రెండూ ఒకేలా 'సైడ్' అయి కూర్చున్నాయి. అందుకే పెస్టిసైడ్, హెర్బిసైడ్, ఫంగిసైడ్ అంటే చంపే వస్తువులు. సూయిసైడ్, జెనోసైడ్ అంటే చంపడమనే పని. రెజిసైడ్ అయితే రాజుని చంపినవాడూ అదే, ఆ చంపడమూ అదే. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు రాసి పెట్టినట్టు, సందర్భాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి. వీటన్నిట్లో జెనోసైడ్ పుట్టినరోజు మాత్రం పక్కాగా తెలుసు. రఫాయెల్ లెమ్కిన్ అనే పోలెండు యూదు న్యాయవాది 1944లో వేసిన పుస్తకంలో ఆ మాట వాడాడు. తల గ్రీకుది, తోక లాటిన్‌ది. అంతకు ముందు అలాంటి హత్యలు లేవని కాదు, వాటికి ఒక పేరు లేదు.

నాకు బాగా నచ్చేది డిసైడ్. దాని తోకా ఇదే! మిగతా దారులన్నీ నరికేసి ఒక్కటి ఉంచుకోవడం. మనం బేరం తెగింది అంటాం చూశారా, సరిగ్గా అదే. అలాగని ఈ తోక కనిపించిన ప్రతిచోటా కత్తి ఉందనుకుంటే బోల్తా పడతాం. కోఇన్‌సైడ్‌లో ఉన్నది నరకడం కాదు, పడడం. దాని ధాతువు 'కాడెరె'. రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడ్డాయన్నమాట. అర్ధరాత్రి మన నెత్తిన పడే ఇన్సిడెంట్ టికెట్‌ది కూడా ఆ వంశమే. ఎక్సైజ్ ఇంకా తమాషా. కోసి తీసెయ్యడం అనే ఎక్సైజ్ ఈ కుటుంబంలోదే, మన మద్యం శాఖ వాళ్ళ ఎక్సైజ్ పన్నుకి మాత్రం దీంతో చుట్టరికం లేదు.

ఇవన్నీ నాకు 1998 జనవరిలో కంఠతా వచ్చు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడు, హైదరాబాదులో అద్దె గది, నలుగురం. నలుగురికీ జీఆర్ఈ పిచ్చి. బారన్స్ పుస్తకంలో 3500 పదాల జాబితా ఉండేది, దాన్ని తలో ఇంత పంచుకుని అట్టముక్కల మీద రాసుకునేవాళ్ళం. (ఆంటనిమ్స్, అనాలజీలూ 2011 ఆగస్టు నుంచి ఎత్తేశారు. ఇప్పటి పిల్లలకి ఆ బాధ లేదు.) పదాలన్నీ విడివిడిగా బట్టీ కొట్టలేక నేను తోకల వారీగా కట్టలు కట్టుకున్నాను. సైడ్ కట్ట ఒకటి. దాన్లో సూయిసైడ్, పెస్టిసైడ్ రాయలేదు. అవి అందరికీ తెలిసినవే కదా అని.

మాది పరకాల దగ్గర ఊరు. ఆ ఏడు వరంగల్ జిల్లాలో పత్తి సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1997 వానాకాలం ముందు వానల్లేవు, తర్వాత పడకూడని టైములో పడ్డాయి. ఆపైన లద్దెపురుగు. మా చిన్నాయన నాలుగెకరాలు వేశాడు, అందులో రెండు కౌలు. మొదట వారానికోసారి మందు కొట్టాడు, తర్వాత నాలుగు రోజులకోసారి, తర్వాత రెండు మూడు మందులు కలిపి కొట్టాడు. పురుగు చావలేదు. మందులమ్మిన షాపాయనే అప్పిచ్చాడు, ఆ అప్పుకి మిత్తి, పత్తి చేతికొస్తే ఆయనకే అమ్మాలని షరతు. ఎనుమాముల మార్కెట్టు దాకా తీసుకెళ్ళడానికి ఆ ఏడు పెద్దగా ఏమీ మిగల్లేదు. పేపర్లో రోజూ ఎవరో ఒక రైతు వార్త. సంక్రాంతికి నేను ఊరెళ్ళినప్పుడు చిన్నాయన రోజూ తాగే ఉన్నాడు. మద్యనిషేధం సడలించి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

నేను హైదరాబాదు తిరిగొచ్చిన వారానికి, రాత్రి తొమ్మిదింటప్పుడు కింద ఓనరు గారింటికి ఫోనొచ్చింది. మా పెద్దనాన్న కొడుకు, ఎస్టీడీ బూత్ నుంచి.

"అన్నా, చిన్నాయిన మందు తాగిండు."

నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "తాగితే తాగిండు తియ్‌రా, కొత్తనా ఏమన్న? పండబెట్టుండ్రి, పొద్దుగాల మాట్లాడ్త." పెట్టేశాను. ఓనరు గారింట్లో వాళ్ళు భోజనాలు చేస్తున్నారు, వాళ్ళ ముందు మా ఇంటి తాగుడు గొడవ ఎందుకని. అటు బూత్‌లో వాడికి మీటరు తిరుగుతుంటుంది కదా అని కూడా. పైకొచ్చి మళ్ళీ అట్టముక్కలు తీశాను. ఏ కట్ట అని అడక్కండి, గుర్తులేదు. సైడ్ కట్టే అని రాస్తే కథ బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది.

ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ ఫోను. ఈసారి మా బాపు.

"మందు తాగిండంటే సమజైతలేదార నీకు? పురుగుల మందు. వరంగల్ పట్కపోతున్నం. నీ దగ్గర పైసలేమన్న ఉంటే పట్టుకొని రా."

పైసలున్నాయి. జీఆర్ఈ ఫీజుకి పోగేసినవి. తెల్లారేసరికి వరంగల్ పెద్దాసుపత్రిలో ఉన్నాను. ఆ వార్డులో చిన్నాయన ఒక్కడే కాదు, వరసగా నలుగురైదుగురు అలాంటివాళ్ళే. చేతులు మంచానికి కట్టేసి, అట్రోపిన్ ఎక్కిస్తూ. పదకొండు రోజులున్నాం. పక్క మంచం మీద ఇరవై రెండేళ్ళ కుర్రాడు మూడో రోజు పోయాడు. చిన్నాయన బతికాడు. నేను జీఆర్ఈ రాయలేదు. అదేదో త్యాగం చేశానని చెప్పట్లేదు, డబ్బులయిపోయాయి, తర్వాత ఇక్కడే ఉద్యోగం దొరికింది, అంతే.

ఆ ఇరవై నిమిషాలు మాత్రం నన్నొదల్లేదు. నేను వెంటనే అర్థం చేసుకున్నా చేయగలిగేదేమీ లేదని తెలుసు. నేనున్నది హైదరాబాదులో, బండి మాట్లాడింది బాపు. అయినా సరే. అందుకని చాలా ఏళ్ళు నేను నేరమంతా ఆ మాట మీదికి తోశాను. మందు! దగ్గుకీ మందే, తుపాకిలోకీ మందే, సాయంత్రం సీసాలోదీ మందే, ఎలకలకీ మందే. పొలానికి దుక్కిలో వేసే ఎరువు కూడా దుక్కి మందే. ఇంగ్లీషు వాడు చంపేదాని తోకకి చంపేదని రాసి పెట్టాడు. పెస్టిసైడ్, సూయిసైడ్ రెండిటికీ తోక ఒకటే అని పదం చూస్తేనే తెలిసిపోతుంది. మనం దాన్ని తీసుకెళ్ళి జ్వరం బిళ్ళల పక్కన కూర్చోబెట్టాం.

మాటల్లేక కాదు. సంస్కృతంలో లాటిన్ లాగే రెండు తోకలూ ఉన్నాయి. పనికి 'హత్య', చేసేవాడికి 'ఘ్న'. శత్రుఘ్నుడిలో ఉన్నది అదే. కృతఘ్నుడంటే చేసిన మేలుని చంపేవాడు. కీటకనాశిని, క్రిమిసంహారిణి అని పుస్తకాల్లో రాస్తారు కూడా. కానీ ఏ రైతైనా షాపుకెళ్ళి కీటకనాశిని ఇవ్వమంటాడా? ఒక్కోసారి క్రిమిసంహారక మందు అని రాస్తారు, అదైతే మరీ అన్యాయం, సంహారమూ మందూ ఒకే సీసాలో! మనమొక్కళ్ళమే అనుకోకండి. తమిళంలో పూచ్చి మరుందు, అదీ మందే. హిందీ రైతు కూడా దవాయే కొడతాడు.

సీసా మీద గుర్తులుంటాయి, నిజమే. 1971 నాటి రూల్సు ప్రకారం ముక్కుబిళ్ళ ఆకారంలో నిలబెట్టిన చతురస్రం, దాని కింది సగంలో రంగు. ఎరుపైతే అతి తీవ్రమైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం కొంచెం తక్కువని, విషం కాదని కాదు. మా ఊళ్ళో ఆ రంగుల సంగతి ఎవరికైనా తెలుసా అని అడిగితే, ఆకుపచ్చది పైరుకి మంచిదని ఒకాయన చెప్పాడు. 'పురుగుల విషం' అని పెద్ద తెలుగక్షరాలతో రాసుంటే బట్టలేని చేతుల్తో కలిపేవాళ్ళా, వంటింటి అలమరలో పెట్టేవాళ్ళా, అని నా వాదన. ఇన్నేళ్ళూ దాన్ని నమ్ముకుని ఉన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం చిన్నాయనకి ఫోన్ చేసి మనవరాలి జోకు చెప్పాను. గట్టిగా నవ్వాడు. ఇప్పుడాయనకి అరవై ఎనిమిది. 2002లో బీటీ పత్తి వచ్చాక కొన్నేళ్ళు మందు ఖర్చు తగ్గిందని సంబరపడ్డాడు, తర్వాత గులాబీ పురుగొచ్చి మళ్ళీ పంపు భుజానికెత్తించింది. పత్తి మాత్రం మానలేదు. ఆ ఊపులో నా వాదన కూడా చెప్పేశాను. మందు అనకుండా విషం అనుంటే నువ్వు తాగకపోదువేమో కదా చిన్నాయనా, అని. మేమిద్దరం దాని గురించి ఇంత సూటిగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"విషమని తెల్వకనే తాగిన్నార? పేరుదేమున్నది. ఆ పొద్దు షాపాయన ఇంటికొచ్చి నలుగుట్ల మాట్లాడిపోయిండు. డబ్బ దర్వాజ పక్కనే ఉండె. దూరముంటే అందేదాక మనసు మారుతుండె కావచ్చు. తాగినంక గంట కాలే, బతికితే బాగుండనుకున్న."

నా దగ్గర జవాబు లేదు. తర్వాత గుర్తొచ్చింది, శ్రీలంకలో జరిగింది ఇదే కదా అని. అక్కడ పేర్లు మార్చలేదు. 1995 నాటికి అన్నిటికంటే ప్రమాదకరమైన మందుల్ని, 1998లో ఎండోసల్ఫాన్‌నీ అమ్మకుండా నిషేధించారు. తర్వాతి పదేళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. అప్పులు తీరాయని కాదు, మనుషులు మారారని కాదు. ఆ క్షణంలో చేతికందేది అంత చంపేది కాకపోవడం. మన దగ్గర ఎండోసల్ఫాన్ ఆపడానికి 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చిన్నాయన ఇవేమీ చదవలేదు. ఆయన డబ్బాలు ఇప్పుడు ఇంట్లో ఉండవు. బాయికాడ మోటరు రూములో పెట్టి తాళమేస్తాడు, తాళంచెవి చిన్నమ్మ కొంగుకుంటుంది.

మా అమ్మాయి మూడో గడిలో 'పురుగుల మందు' అనే రాసుకుంది. విషం అని దిద్దబోయాను, "మరి షాపులో అలా అంటే ఇస్తారా?" అంది. దిద్దలేదు.

ఫోన్లో చిన్నాయన చివర్న ఇంకో మాటన్నాడు. ఇరవై ఏడేళ్ళు దాటాక!

"ఆ దినం నువ్వు ఫోన్ పెట్టేసినవంట గదరా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆసుపత్రిలనే చెప్పిండు వాడు. నవ్వొచ్చింది గని నవ్వే ఓపిక లేకుండె." అని, మళ్ళీ నవ్వి, "సరే, పిల్లను పైలం. ఉంట మరి" అన్నాడు.

ఆయన పెట్టేసినట్టు చప్పుడయ్యాకే నేను పెట్టాను.