శుభ్రమైన మాట

అనువాదకుల తప్పు సాధారణంగా కాగితం మీదనే నిలిచిపోతుంది. పాఠకుడు ముఖం చిట్లించుకొని పుట తిప్పుతాడు, అంతటితో సరి. నేను చేసిన ఒక తప్పు మాత్రం కాగితం దాటి వెళ్ళి, మా మేనమామగారి ఆరేళ్ళ శ్రమను హరించింది.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, నవలలూ వ్యాసాలూ తెలిగించుకుంటూ బతికే నేను, తీరిక వేళల్లో ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగు సందేశాలు వ్రాసి ఇస్తుండేదాన్ని. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్‌లోని భాగాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము. దానిని కొత్తగా ఎక్కించేటప్పుడు తెర మీద కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఏ భాష? ఏ డిస్కు? అందులో ఉన్నదానిని ఉంచాలా, తొలగించాలా? ఈ చివరి ప్రశ్న దగ్గర ‘తుడిచివేయి’ అన్న మాట నా చెవికి మోటుగా తోచింది. ‘డిస్కును శుభ్రపరచి స్థాపించు’ అని వ్రాశాను. వాక్యం వినసొంపుగా ఉన్నదని మురిసిపోయాను కూడా.

మామయ్య పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు. తమ ఊరి చరిత్రను ఆరేళ్ళుగా కంప్యూటర్‌లో టైపు చేసుకుంటున్నారు. నా మీది అభిమానంతో ఆ సిస్టమ్‌ను తెచ్చుకొని, ప్రశ్నలన్నీ తెలుగులో చదువుకుంటూ, ఆ మీట నొక్కారు. ఫోనులో ఆయన గొంతులో కోపం లేదు. “శుభ్రం చేస్తానంటే మంచిదే కదా అనుకున్నానమ్మా” అన్నారు. అంతే.

ఇంత ప్రమాదకరమైన మాట పరీక్షలు దాటి ఎట్లా వచ్చింది? బృందంలోని ఇంజనీర్లను అడిగాను. పరీక్షలన్నీ యంత్రమే చేస్తుందనీ, అన్నిటిలోనూ ఉత్తీర్ణత వచ్చిందనీ చెప్పారు.

ఆ పరీక్షల తీరు ఆశ్చర్యకరమైనది. ఒక కంప్యూటర్ లోపలే మరొక ఊహా కంప్యూటర్‌ను సృష్టిస్తారు. పరీక్షించే ప్రోగ్రాము దాని తెరను చూస్తూ, మనిషి వలెనే మీటలు నొక్కుతూ, సిస్టమ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఎక్కిస్తుంది. ఓపెన్ సూసే బృందం రూపొందించిన ‘ఓపెన్ క్యూఏ’ అనే సాధనం ఇటువంటిదే. ఫెడోరా బృందం కూడా దానిని వాడుతున్నది. ప్రతి మెట్టులో తెర ఎట్లా ఉండాలో ముందే ఒక నమూనా చిత్రం దాచి ఉంచుతారు. ఆ నమూనాలకు అక్కడ సూదులని పేరు. తెర మీది భాగం సూదితో సరిపోలితే పరీక్ష నెగ్గినట్లు.

మా బృందానిదీ ఇటువంటి పద్ధతే. నమూనా చిత్రంలో ఉన్నది నా వాక్యమే, తెర మీద కనిపించినదీ నా వాక్యమే. రెండూ అచ్చు గుద్దినట్లు సరిపోయాయి. యంత్రం అబద్ధమాడలేదు, అడిగిన ప్రశ్నకు నిజాయితీగానే జవాబు చెప్పింది. అడగవలసిన ప్రశ్నను మేమెవరమూ అడగలేదు.

ఆ తరువాత పరీక్షల ప్రణాళిక వేసే సమావేశాలలో నేనూ కూర్చోవడం మొదలుపెట్టాను. అన్నిటినీ పరీక్షించడం సాధ్యం కాదన్నది నేను అక్కడ నేర్చిన మొదటి పాఠం. డివిడి, పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్, ముందే జవాబులు వ్రాసి ఉంచిన ఫైలు: ఎక్కించే మార్గాలు 4 అనుకోండి. కంప్యూటర్‌ను మేల్కొలిపే పద్ధతులు 2, పాత బయోస్, కొత్త యూఈఎఫ్ఐ. ఖాళీ డిస్కు, వేరే సిస్టమ్ ఉన్న డిస్కు, చోటు చాలని డిస్కు మొదలైన స్థితులు 5. భాషలు 20. హెచ్చవేస్తే 800 పరీక్షలు. ఒక్కొక్కదానికి 40 నిమిషాల చొప్పున, ఒకదాని తరువాత ఒకటిగా, రాత్రింబగళ్ళు నడిపినా 22 రోజులు దాటుతుంది. అందుకని, ఏ రెండు అంశాల జోడీ అయినా ఒక్కసారైనా కలిసి వచ్చేటట్లు ఏర్చి కూర్చుతారు. అప్పుడు 100 పరీక్షలు చాలు. మూడు రోజుల లోపే ముగుస్తాయి. ఎక్కువ లోపాలు ఒకటి రెండు అంశాల కలయికలోనే బయటపడతాయన్న అనుభవం ఈ పద్ధతికి ఆధారం.

ఆ పట్టికకు నేను రెండు చేర్చమన్నాను. మొదటిది యంత్రం చేయగలిగినది. డిస్కులో ముందుగా ఒక చిన్న ఫైలు దాచాలి. ఉన్నదానిని ఉంచమని కోరితే, పని ముగిశాక ఆ ఫైలు అక్షరం పోకుండా దొరకాలి. తొలగించమని కోరితే, పోబోయేవేమిటో చూపి మరొకసారి అడగాలి. రెండవది యంత్రానికి చేతకానిది. ఏ భాషలోనైనా నమూనా చిత్రాన్ని దాచేముందు, ఆ వాక్యం వ్రాయనివారు ఒకరు దానిని చదివి, ఈ మీట నొక్కితే ఏమవుతుందో తమ సొంత మాటల్లో చెప్పాలి.

ఇంజనీర్లు సందేహించారు. ఇన్ని భాషలకు, ఇన్ని తెరలకు మనుషులను ఎక్కడ తేగలమన్నారు. అది న్యాయమే. చివరకు, పోతే తిరిగి రానిది పోయే తెరలకు మాత్రమే ఈ నియమం పెట్టుకున్నాం.

తెలుగుకు ఆ చదువరి మామయ్యే. ‘ఈ డిస్కులో ఉన్నవన్నీ శాశ్వతంగా పోతాయి’ అన్న నా కొత్త వాక్యాన్ని ఆయన కళ్ళజోడు సవరించుకొని రెండుసార్లు చదివారు. “అందంగా లేదు గాని, భయం వేస్తున్నది” అన్నారు. ఇరవై ఏళ్ళ అనువాద జీవితంలో నాకు దక్కిన మెప్పులలో దానిని మించినది లేదు.

పాత నోటు పుస్తకాలు ముందు పెట్టుకొని ఆయన ఊరి చరిత్రను మళ్ళీ టైపు చేస్తున్నారు. మూడవ అధ్యాయం దాకా వచ్చింది. ఈసారి ప్రతి ఆదివారం ఒక నకలు నాకు పంపుతున్నారు.