సొరుగులోని గవాహ్‌లు

మన ఇళ్లల్లో పాత ఫోన్లు పారేసే అలవాటు లేదు. బావ జెద్దా నుంచి తెచ్చింది ఒకటి, ఏదో ఈద్‌కి కొన్నది ఒకటి, స్క్రీన్ పగిలినా "పనికొస్తుందిలే" అని దాచింది ఇంకొకటి. అన్నీ ఓ సొరుగులో తెగిన చార్జర్ల మధ్య, పాత పెళ్లి రుక్కాల కింద పడుంటాయి. అమ్ముదామని జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్తే వాళ్లు చెప్పే ధరకి మన ఇజ్జతే తగ్గినట్టుంటుంది. మా ఆపా ఇంట్లో అలాంటివి మూడు తేలాయి. వాటిని మా భాంజా కారులో గవాహ్‌లుగా కూర్చోబెట్టాం.

వాడు క్యాబ్ నడుపుతాడు. రాత్రి డ్యూటీ, ఎక్కువగా మెహదీపట్నం నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దారి. పోయిన షాబాన్‌లో ఒక సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఒక బైకు వచ్చి గుద్దింది. బైకు అబ్బాయికి మోకాలు గీసుకుపోయింది, అల్లా దయ, అంతకు మించి ఏం కాలేదు. పదిమంది పోగయ్యారు. తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. పేరేంటని అడిగారు. పేరు చెప్పాక గొంతులు మారాయట. అంతా అయ్యాక వచ్చిన ఒకాయన "రివర్స్ తీశాడు, నేను చూశాను" అన్నాడు. ఎనిమిది వేలు ఇచ్చి బయటపడ్డాడు. ఇంట్లో మూడు రోజుల దాకా చెప్పలేదు. చెప్పాక ఆపా అన్నది ఒకటే మాట: "కొట్టలేదు కదా, అల్హమ్దులిల్లా." ఎనిమిది వేలకన్నా ఆ షుకర్ నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

మా వృత్తిలో రోడ్డు ప్రమాదం వార్త రాసేటప్పుడు "డ్రైవర్ నిర్లక్ష్యం" అనే మాట చేతికి దానంతటదే వస్తుంది. ఆ మాట పోలీసుల కథనం నుంచి వస్తుంది, ఆ కథనం అక్కడ గట్టిగా మాట్లాడినవాడి నోటి నుంచి. రష్యాలో కార్లకు కెమెరాలు మామూలు విషయం కావడానికి కారణం కూడా ఇలాంటిదే: దొంగ ప్రమాదాలు, ఇన్సూరెన్స్ గొడవలు, పోలీసులతో తగాదాలు. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలితే దునియా అంతా చూసింది ఆ కారు కెమెరాల వల్లే. ఆకాశం కోసం పెట్టినవి కావు అవి, అబద్ధాల కోసం పెట్టినవి.

కెమెరా అనగానే భాంజా ముందు మొహమాటపడ్డాడు. "లోగా క్యా సోచేంగే మామూ, ఎవర్నీ నమ్మనట్టు ఉండదా?" అన్నాడు. వాడికి సూరా బఖరాలోని 282వ ఆయత్ గుర్తుచేశాను. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజ్ గురించీ కాదు, రోజా గురించీ కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకొమ్మనీ, గవాహ్‌లను పెట్టుకొమ్మనీ చెప్పే ఆయత్ అది. రాసుకోవడం బద్‌గుమానీ కాదు, రేపు గొడవ రాకుండా చేసుకునే ఇంతెజామ్.

ఇక పని. ముందు ఫోన్లలో ఉన్న ఫోటోలన్నీ తీసి కంప్యూటర్‌లో పెట్టాం. వాటిలో భాంజీ నిఖా ఫోటోలు, ఇంటి ఆడవాళ్ల ఫోటోలు ఉన్నాయి, అవి కారులో తిరగకూడదు. తర్వాత ఫోన్ రీసెట్. రీసెట్ చేసేముందు అందులోని గూగుల్ అకౌంట్ తీసేయాలి, లేకపోతే తర్వాత పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. జెద్దా ఫోన్ పాస్‌వర్డ్ కోసం బావకి ఫోన్ చేస్తే, ఆయనకి గుర్తు రావడానికి రెండు రోజులు పట్టింది. మూడింట్లో ఒక ఫోన్ వెనక మూత కొద్దిగా లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అలాంటి ఫోన్‌ని ఎంత కొత్తదైనా కారులో పెట్టకూడదు, నిప్పుతో ఆట. బ్యాటరీ మార్పించాకే దాన్ని వాడాం.

మొదటి ఫోన్ ముందు అద్దానికి, వెనక చూసుకునే అద్దం నీడలో. అందులో పాత వీడియోని చెరిపేసుకుంటూ కొత్తది రికార్డు చేసుకునే యాప్. 720 రిజల్యూషన్ చాలు, గంటకు నాలుగైదు జీబీ తింటుంది, 32 జీబీ కార్డు ఆరేడు గంటలకు సరిపోతుంది. రెండోది వెనక అద్దానికి, ఐపీ వెబ్‌క్యామ్ అనే యాప్‌తో. భాంజా తన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడతాడు, వెనక ఫోన్ దానికి కలుస్తుంది, స్క్రీన్ మీద ఒక అడ్రస్ చూపిస్తుంది, చివర 8080 అని ఉంటుంది. అదే హాట్‌స్పాట్‌లో ఉన్న మూడో ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొడితే వెనక దృశ్యం ముందు కనిపిస్తుంది. వైరు లేదు. బొమ్మ కారులోనే తిరుగుతుంది కాబట్టి నెట్ డేటా ఖర్చు కాదు. కాకపోతే ఆ ఫోన్లలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయాలి, లేదంటే అవి తాగేస్తాయి. యాప్‌లో పాస్‌వర్డ్ కూడా పెట్టుకోవాలి.

దీన్ని చూస్తూ రివర్స్ తీయాలన్నది నా ఖాయిష్. కుదరలేదు. బొమ్మ దాదాపు ఒక సెకను ఆలస్యంగా వస్తోంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వెళ్తున్నా, ఒక్క సెకనులో కారు దాదాపు 1.4 మీటర్లు జరుగుతుంది. గల్లీలో ఆడుకునే పిల్లలకు ఆ దూరం చాలా ఎక్కువ. గవాహీకి పనికొస్తుంది గానీ రివర్స్‌కి మాత్రం నమ్మొద్దు. అలా మూడో ఫోన్ ఖాళీ అయింది.

ఎండ ఇంకో తలనొప్పి. యాపిల్ తన ఐఫోన్లను 35 డిగ్రీల వేడి దాకానే వాడమంటుంది, 45 దాటిన చోట ఉంచొద్దంటుంది. మన మే నెలలో మూసిన కారు ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. పగలు కారు ఆపితే ఫోన్లు తీసి జేబులో వేసుకోవాల్సిందే. పౌచ్ తీసేయడం, స్క్రీన్ వెలుగు తగ్గించడం, ఏసీ గాలి తగిలేలా పెట్టడం కొంత నయం. డబ్బు ఉన్నవాళ్లు మూడు నాలుగు వేలు పెట్టి అసలు డ్యాష్‌క్యామ్ కొనుక్కోవడమే మంచిది, అవి వేడిని తట్టుకునేలా చేస్తారు. మాకు సొరుగులో ముఫ్త్‌గా ఉన్నాయి.

ఏదన్నా జరిగితే ఏం చేయాలో వాడికి కాగితం మీద రాసిచ్చాను. వీడియో చెరిగిపోకుండా వెంటనే కార్డు తీసేయ్. ముక్కలు కోయకు. వాట్సాప్‌లో పంపిందే సబూత్ అనుకోకు, అది వీడియోని కుదించేస్తుంది. 2020లో సుప్రీంకోర్టు చెప్పింది: అసలు పరికరాన్నే తెచ్చి, దాని యజమాని గవాహీ ఇస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు, కాపీ అయితే సర్టిఫికెట్ కావాలి. అప్పటి 65బీ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది. అందుకే ఫోన్‌నీ, కార్డునీ అమానత్‌లా దాచాలి.

అంతా అయ్యాక ఆపా ఆ ఖాళీ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "దీన్ని వాడి వైపు తిప్పి పెట్టు. ఇంట్లో కూర్చుని చూసుకుంటాను."

నేను నవ్వాను, ఆపా నవ్వలేదు. రాత్రి రెండింటికి వాడు నిద్రకు తూలితే? ఎవరన్నా ఆపి దింపితే? "వాడి ముఖం కనిపిస్తే చాలు నాకు" అంది. హుజురాత్ సూరాలో తజస్సుస్ మనా చేశారు కదా ఆపా, అన్నాను. "పరాయివాళ్ల గురించి అది. తల్లి కొడుకుని చూసుకోవడం తజస్సుస్ ఎట్లయితది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. చెప్పగలిగింది వేరే సంగతి: ఇంట్లోంచి చూడాలంటే బొమ్మ కారు దాటి నెట్‌లోకి వెళ్లాలి, ఎవరిదో కంపెనీ సర్వర్ మీదుగా రావాలి. అందులో వాడొక్కడే ఉండడు. వెనక సీట్లో ఎయిర్‌పోర్ట్ నుంచి ఒంటరిగా వచ్చే ఆడపిల్ల ఉంటుంది, ఫోన్‌లో ఏడుస్తూ మాట్లాడే మనిషి ఉంటాడు. వాళ్లని అడిగామా?

భాంజా అప్పటిదాకా దస్తర్‌ఖాన్ దగ్గర తలొంచుకుని తింటున్నాడు. "కెమెరా మేరీ తరఫ్ ఫిరాయే తో మై ముల్జిమ్ హోగయా నా అమ్మీ" అన్నాడు, మెల్లగా. ఆపా ఫోన్ కింద పెట్టేసింది. చాలాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.

చివరికి వాడే ఒక దారి చూపించాడు. డ్యూటీలో ఉన్నంతసేపు లొకేషన్ ఆపాకి కనిపిస్తుంది. కెమెరాలు రెండూ బయటికే చూస్తాయి, మైకులు బంద్. అద్దం మీద "ఈ కారులో కెమెరాలు బయటి రోడ్డును రికార్డు చేస్తున్నాయి" అని తెలుగులో, ఉర్దూలో రాసి అంటించాం. జుమా రోజు కార్డు తెచ్చి అమ్మీకి ముందురోజు దారి చూపిస్తాడు.

ఆ మూడో ఫోన్ ఇప్పుడు ఆపా సినిమాహాలు. జుమా నమాజ్ అయి, భోజనాలయ్యాక కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంటుంది. రాత్రివేళ ఆ రోడ్లు ఆమె ఎప్పుడూ చూసింది కాదు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద దీపాలు వరసగా వస్తుంటే "యా అల్లా, ఇంత దూరమా" అంటుంది. లారీ దగ్గరగా వస్తే ఫోన్‌ని వెనక్కి లాక్కుంటుంది. పోయిన వారం ఒకచోట ఆపింది. కారు కదలడం లేదు. ఎదురుగా ఒక ఇరానీ హోటల్ బోర్డు సగం కనిపిస్తోంది.

"ఇక్కడెందుకు ఆగినవ్?"

"చాయ్, అమ్మీ."

ఆపా వేలితో ముందుకు జరిపింది, కింద టైము చూసింది. "పద్దెనిమిది నిమిషాలు చాయ్ తాగినవా? ఎవరితోని?"

వాడు నా వైపు తిరిగాడు. "మామూ, ఆ హుజురాత్ ఆయత్ ఇంకోసారి చెప్పు."