కాలదోషము పట్టని బాకీ



తిరువూరు పేరు మా ఇంట్లో చిన్ననాటి నుండి వింటున్నదే. మా నాన్నగారు ఆ ప్రాంతములో చాలా సంవత్సరములు ఉపాధ్యాయులుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత స్వస్థలమైన ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. ఆయన పిల్లలమైన మేము ముగ్గురము, అక్కచెల్లెళ్లిద్దరము ఒక తమ్ముడు, 2023 మే నెలలో మరల ఆ ఊరు వెళ్లాము. చుట్టపుచూపుగా కాదు, ఒక బాకీ తీర్చుటకు.

1996లో మా అమ్మకు అత్యవసరముగా ఆపరేషను చేయవలసి వచ్చింది. నాన్నగారి చేతిలో డబ్బు లేదు. తిరువూరు దగ్గర ఒక మామిడితోట రైతు, మన విశ్వాసములోనివాడు కాకపోయినా, ఆ రాత్రికి రాత్రే 20,000 రూపాయలు తెచ్చి ఇచ్చాడు. నోటు వ్రాయించుకోలేదు, సాక్షిని పిలవలేదు, వడ్డీ మాట ఎత్తలేదు. "క్రైస్తవ పంతులుగారు, మాట తప్పరు" అన్నాడట. నాన్నగారు మనియార్డర్ల ద్వారా 2003 వరకు 8,000 పంపారు. తరువాత పక్షవాతము వచ్చి మంచము పట్టారు. 2011లో ప్రభువునందు నిద్రించుటకు ముందు మమ్మల్ని పిలిచి, "తిరువూరు బాకీ ఇంకా 12,000 ఉంది. మరచిపోకండి" అన్నారు. "తీరుస్తాము నాన్నా" అని ముగ్గురమూ చేతిలో చెయ్యి వేసి చెప్పాము.

ఆ మాట చెప్పి పన్నెండేళ్లు గడిపాము. ఒకరము ఇల్లు కట్టుకున్నాము. ఒకరము పిల్లల కాలేజీ ఫీజులు కట్టాము. ఏటేటా క్రిస్మసుకు కొత్త బట్టలు కొన్నాము, కోత పండుగకు కానుకలు ఇచ్చాము. తిరువూరు మాత్రము వెళ్లలేదు. ఒక ఆదివారము ఆరాధనలో 15వ కీర్తన చదివారు. దేవుని గుడారములో ఉండదగినవాడు ఎవడని అడిగి, ఇచ్చిన మాట వలన తనకే నష్టము వచ్చినా దానిని వెనుకకు తీసుకొననివాడని ఆ కీర్తన చెప్పుచున్నది. గుడి మెట్లు దిగుతూ అమ్మ, "తిరువూరు సంగతి ఏం చేశార్రా?" అని అడిగింది. మాలో ఎవరికీ జవాబు రాలేదు.

ఒంగోలు నుండి రైలులో విజయవాడ చేరి, అక్కడ ఆర్టీసీ బస్సు ఎక్కాము. ఇబ్రహీంపట్నములో థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనబడుచుండగానే బస్సు హైదరాబాదు రోడ్డు విడిచి, జగదల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి పట్టింది. పొణికి చెక్క బొమ్మలకు పేరుపడిన కొండపల్లి, తరువాత మైలవరము, ఎ. కొండూరు. డెల్టా పచ్చదనము వెనుకబడి మెట్ట నేలలు, వాటిలో వరుసలు తీరిన మామిడితోటలు వచ్చాయి. బంగినపల్లి, చిన్నరసాలు, కలెక్టరు కాయ దిగే రోజులవి. కాయల లోడుతో లారీలు, ఆటోలు నున్న మార్కెట్టు వైపు పోవుచున్నవి.

మా ప్రక్క సీటులోని పెద్దాయన తోటల బేరము ఎలా జరుగునో చెప్పాడు. కొందరు చెట్టు పూత మీద ఉండగానే తోట అమ్ముకుంటారు. వ్యాపారి బయానా ఇస్తాడు, మిగిలినది నోటిమాట. ఏప్రిల్‌లో గాలివాన వచ్చి కాయ రాలితే వ్యాపారికి నష్టము. ధర పెరిగితే, తక్కువకు అమ్మానే అని రైతుకు బాధ. "ఏ ఏడు చూసినా ఇద్దరిలో ఒకరికి మాట మార్చాలని ఉంటుంది బాబూ. మార్చినోడికి మళ్ళా ఏడు తోట దొరకదు" అన్నాడు. మేము కిటికీలో నుండి బయటకు చూస్తూ ఊరుకున్నాము.

డబ్బు ఎంత ఇవ్వాలన్న సంగతి మాలో అప్పటికీ తెగలేదు. మా తమ్ముడు కోర్టులో గుమాస్తా. 1963 కాలపరిమితి చట్టము ప్రకారము ఇటువంటి చేబదులుకు మూడేళ్లు దాటితే కాలదోషము పడుతుందని, అసలు ఇచ్చినా ఎక్కువేనని వాడి మాట. చివరకు అక్కయ్య లెక్క వేసింది: నూటికి నెలకు రూపాయి చొప్పున ఇరవై ఏళ్లకు వడ్డీ 28,800, అసలుతో కలిపి 40,800. ఆ మొత్తము కవరులో పెట్టుకొని వెళ్లాము.

తిరువూరు ఇప్పుడు మాకు తెలిసిన ఊరు కాదు. కృష్ణా జిల్లాలో ఉన్న ఊరు 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చింది. ఊరు దాటి కొంత దూరము పోతే తెలంగాణ, ఖమ్మము జిల్లా. అడుగుతూ అడుగుతూ తోట రైతు ఇల్లు పట్టుకున్నాము. ఆయన లేడు. నాలుగేళ్ల క్రితమే పోయాడట. వరండాలో ఆయన భార్య మామిడి ముక్కలు ఎండబెట్టుచున్నది.

"పంతులుగారి పిల్లలా? రండి బాబూ, కూర్చోండి" అని మంచినీళ్లు ఇచ్చింది. వచ్చిన పని చెప్పాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు.

"పెద్దదాని పెళ్ళికి డబ్బు చాలక రెండు పాడి గేదెల్ని అమ్ముకున్నాం. ఒంగోలుకి ఉత్తరం రాయించమంటే మా ఆయన ఒప్పుకోలేదు. పంతులుగారు మాటిచ్చారు, అడిగితే ఆయన చిన్నబోతారు, ఆయనే పంపుతారు అన్నారు. పోయేముందు కూడా ఆ మాటే" అన్నది.

కవరు చేతిలో పెట్టాము. నోట్లు నిదానముగా లెక్కపెట్టుకున్నది. "ఇప్పుడు ఈ డబ్బుకి ఒక్క గేదె కూడా రాదు బాబూ" అన్నది. ఆ మాటలో కోపము లేదు, నిజమే ఉన్నది. కవరు తీసుకువెళ్లి భర్త ఫోటో ముందు పెట్టి, "పంతులుగారి మాట నిలబడిందయ్యా" అన్నది. వచ్చేటప్పుడు మాకు ఒక బుట్టెడు రసాలు కట్టి ఇచ్చింది. వద్దనుటకు మాకు నోరు రాలేదు.

నాన్నగారి మాట నిలిచింది. మరి మా మాట? తిరుగు ప్రయాణములో ముగ్గురమూ దీనినే తలపోశాము. యెహోషువ కాలములో గిబియోనీయులకు ఇశ్రాయేలు పెద్దలు మాట ఇచ్చారు. మోసపోయి ఇచ్చిన మాటయైనా దానిని నిలుపుకున్నారు. ఎన్నో తరముల తరువాత సౌలు ఆ మాట మీరాడు. దావీదు దినములలో మూడేళ్లు కరవు వచ్చింది. మనుష్యుల చట్టములో మూడేళ్లకు బాకీ చచ్చిపోవును. దేవుని యెదుట తండ్రుల మాటకు పిల్లలు వారసులు. ఆస్తికి వారసులమైనట్లే దీనికీ వారసులము.

ఇంకొక సంగతి. ఆ రైతు మా నాన్నగారికి అప్పు ఇచ్చినది ఆయన జీతము చూసి కాదు, క్రైస్తవుడని. ఆ నమ్మకమును మనకంటె ముందటివారు సంపాదించి పెట్టారు. మా ఒంగోలు సంఘములలో పెద్దలు చెప్పుకొను చరిత్ర ఉన్నది. 1876-78 నాటి గొప్ప కరవులో మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వు కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలమందికి పని చూపించారు. కూలి సరిగా ముట్టునని నమ్మి జనము వచ్చారు. బాప్తిస్మము కోరినవారిని కరవు తీరువరకు ఆగుమన్నారు. అన్నము కొరకు కలిశారన్న మాట రాకూడదని. కరవు సడలిన తరువాత 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందారు. అట్టివారు కూడబెట్టిన నమ్మకమును పన్నెండేళ్లు కూర్చొని ఖర్చు చేసినవారము మేము.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీ ఇంట్లో కూడ ఒక తిరువూరు ఉన్నదేమో చూచుకొనండి. కౌలు మాట, పెళ్లినాటి మాట, కూలివానికి ఇచ్చెదనన్న దినుసు, కోత పండుగలో లేచి నిలిచి చెప్పిన మొక్కుబడి. కాగితము లేని బాకీలను ఒక పుస్తకములో వ్రాసి పిల్లలకు చూపించండి. ఇచ్చువాడు బ్రతికియుండగానే వెళ్లండి. మేము నాలుగేళ్లు ఆలస్యముగా వెళ్లాము. ఆయన ముఖము చూచి ఇచ్చు భాగ్యము మాకు ఇక లేదు.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాము. ఆమె ఒక రసము తీసుకొని చేతిలో చాలాసేపు పట్టుకొని కూర్చున్నది. తినలేదు.

మన నోటి మాటను నిలుపుకొను కృప ప్రభువు మనకు, మన పిల్లలకు దయచేయునుగాక. ఆమేన్.