రాయని మాటకు కోడ్ లేదు

అమెరికా ఆసుపత్రుల రికార్డులకు మెడికల్ కోడింగ్ చేసే ఒక సంస్థను చూసి రాయమని సంపాదకులు మాదాపూర్ పంపారు. పని జరిగే అంతస్తులోకి ఫోన్లు వెళ్లవు, రోగుల వివరాలను కాపాడే హిపా చట్టం ఉంది కాబట్టి బయటివాళ్లకు అసలు చార్టులు చూపరు. నేను చూసింది శిక్షణ గదిని, అక్కడి పేర్లు లేని అభ్యాస చార్టులను. ఆ గదిలో నా దృష్టంతా ఫార్మసీ చదివి ఈ రంగంలోకి వచ్చిన ఒక శిక్షకురాలి చేతి మీదే నిలిచింది. నోట్ తెరవగానే కొత్తవాళ్లందరూ డాక్టరు చివర్లో రాసిన నిర్ధారణ దగ్గరికి ఉరుకుతారు. ఆమె మౌస్ మాత్రం మొదటికి వెళుతుంది: రోగి ఏం చెప్పాడు, పరీక్షలో ఏం తేలింది, ఏ మందులు వాడుతున్నాడు. అవన్నీ చదివాకే నిర్ధారణ వరుస. తెర మీద ఉన్న మనిషికి యాభై దాటాయి. మెట్లెక్కుతుంటే మడమ వెనక టప్పుమంది. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే పాదం కదల్లేదు. అంతకు రెండు వారాల ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లోక్సాసిన్ వాడాడు. ఇంత చెప్పిన నోట్ చివర డాక్టరు రాసింది మూడు మాటలు: అకిలిస్ టెండన్ రప్చర్, అంటే మడమ వెనకుండే టెండన్ తెగడం. ఏ కాలో ఎక్కడా లేదు.

"రప్చర్ అంటే దెబ్బే కదా మేడమ్, ఎస్ కోడ్ వేసేద్దామా?" అని ఒకమ్మాయి అడిగింది. "దెబ్బ అని ఎక్కడ రాసుందో చూపించమ్మా" అన్నారామె. ఈ వృత్తి గురించి నాకు అర్థమైనదంతా ఆ జవాబులోనే ఉంది. అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-10-సీఎంలో గాయంతో తెగిన అకిలిస్ టెండన్ ఎస్86.01 కింద పడుతుంది. బలహీనపడిన టెండన్ మామూలు ఒత్తిడికే తెగితే అది ఎం66 వర్గం. మెట్లెక్కడం మామూలు ఒత్తిడేనా? బహుశా అవును. కానీ ఆ 'బహుశా' చెప్పే అధికారం కోడర్‌కు లేదు. సిప్రోఫ్లోక్సాసిన్ జాతి మందులు టెండన్‌ను దెబ్బతీయగలవని అమెరికా ఎఫ్‌డీఏ 2008లో పెట్టె గీసి మరీ హెచ్చరిక పెట్టించింది. అరవై దాటినవాళ్లకూ స్టెరాయిడ్లు వాడేవాళ్లకూ ముప్పు ఇంకా ఎక్కువ. ఇది ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా మందు వల్లే తెగిందని డాక్టరు రాయనంతవరకు మందు దుష్ప్రభావం కోడ్ వేయకూడదు. చేయగలిగింది ఒక్కటే, డాక్టరుకు క్వెరీ పంపడం. అదీ జవాబును నోటికి అందించేలా ఉండకూడదు. నోట్‌లో కనిపించిన ఆధారాలు చూపాలి, సాధ్యమైన జవాబులు ఇవ్వాలి, 'ఇతర కారణం', 'చెప్పలేను' అన్నవీ వాటిలో ఉండాలి. కోడింగ్ అంటే జబ్బు పేరును అంకెగా మార్చడమని బయట అనుకుంటారు. ఆ పనిలో అసలు విలువ ఊహించకుండా ఆగి అడగడంలో ఉందని నా వాదన.

ఇదంతా ఇన్సూరెన్సు డబ్బు కోసమే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. తెగిన టెండన్ కుట్టిన సర్జనుకు 27650 అనే సీపీటీ కోడ్ (చేసిన చికిత్సకు వేసే కోడ్) మీద డబ్బు వస్తుంది, దానికి సరైన నిర్ధారణ కోడ్ తోడు లేకపోతే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. ఎక్కువ డబ్బు రాబట్టడానికి పెద్ద కోడ్ వేసే మోసాలూ ఉన్నాయి. కానీ డబ్బు కోసం పుట్టిన క్రమశిక్షణ రోగికి పనికిరాకుండా పోదు. 2015 అక్టోబరు 1కి ముందు వాడిన ఐసీడీ-9లో అకిలిస్ టెండినైటిస్‌కు, అంటే ఆ టెండన్ వాపుకు, 726.71 ఒక్కటే అంకె. ఒక మనిషికి కుడికాలి జబ్బే తిరగబెట్టిందో, ఎడమ కాలికి కొత్తగా వచ్చిందో ఆ అంకెను బట్టి తెలిసే దారి లేదు. ఇప్పుడు కుడికి ఎం76.61, ఎడమకు ఎం76.62. గాయాల కోడ్ చివరి అక్షరం ఇంకా చికిత్స నడుస్తోందో, మానుతున్న దశలో ఉందో చెబుతుంది. మందు వల్ల వచ్చిన హాని గురించి రాసిపెట్టిన నివేదికలు పోగుపడ్డాయి కాబట్టే 2008 హెచ్చరిక వచ్చింది. ఆ రాతలు లేకపోతే ఒక్కో రోగి మడమా ఒక్కో దురదృష్టంగానే మిగిలేది.

ఇంత విలువైన ఆగడాన్ని ఇదే పరిశ్రమ శిక్షగా మార్చింది, అదే నాకు బాధ. గది బయట ఇద్దరు కోడర్లు మాట్లాడుకుంటుంటే విన్నాను: క్వెరీ పెడితే చార్ట్ పెండింగ్‌లో ఉండిపోతుంది, గంటకు ఇన్ని చార్టులన్న లెక్క పడిపోతుంది, ఎం76.60 వేస్తే గొడవే ఉండదు. టెండినైటిస్ ఏ కాలికో చెప్పని అన్‌స్పెసిఫైడ్ కోడ్ అది. సోమరితనమని వాళ్లను తప్పుపట్టలేం. వేగాన్నీ కచ్చితత్వాన్నీ ఒకే జీతంతో కొలిచేచోట వేగమే గెలుస్తుంది. ఇకపై యంత్రమే కోడ్ వేస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. రాసి ఉన్నదానికి వేస్తుంది, మనిషికన్నా వేగంగానే. నోట్‌లో లేని కాలును అదెక్కడి నుంచి తెస్తుంది? ఖాళీని సంభావ్యతతో పూడిస్తే అది కోడింగ్ కాదు, కల్పన. పైగా పాత నోట్‌ను కాపీ చేసి కొత్త తేదీ పెట్టే అలవాటు ఉన్నచోట నిరుటి ఎడమ కాలు ఈ ఏటి రికార్డులోకీ నడిచొస్తుంది.

ఇంకో నష్టం మన గడప లోపలే ఉంది. ఈ కోడర్ పిల్లలు రోజంతా అమెరికా రోగుల మడమల గురించి ఇంత జాగ్రత్తగా చదువుతారు. వాళ్ల తండ్రికి మడమ నొప్పి వస్తే చేతికొచ్చే ఓపీ చీటీలో చాలాసార్లు ఉండేది నొప్పి మాత్రల పేర్లే. ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్లు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు చెబుతున్నాయి. ఓపీ చీటీ మాత్రం ఇంటికెళ్లి ప్లాస్టిక్ కవర్లో ముడతలు పడుతుంది. రోగులు బారులు తీరిన ఓపీలో డాక్టరుకు రాసే తీరిక ఎక్కడిదన్న అభ్యంతరం నిజాయితీ గలది, దాన్ని కొట్టిపారేయను. అందుకే ఆ భారం డాక్టరు మీదే వేయమనడం లేదు. ఏ కాలు, ఎలా మొదలైంది, ఎన్నాళ్లుగా, ఏ మందులు వాడుతున్నారు: ఈ నాలుగు ప్రశ్నలు రోగిని డాక్టరు గదిలోకి పంపకముందే అడిగి రాయగల చదువు, అలవాటు ఉన్న యువత మాదాపూర్‌లో కావలసినంత మంది ఉన్నారు. మన ప్రభుత్వాసుపత్రుల ఎముకల ఓపీల్లో అలాంటి ఉద్యోగాలు సృష్టించాలి. అక్కడ వాళ్ల జీతాన్ని చార్టుల సంఖ్యతో ముడిపెట్టకూడదు.